తహసీలు నుంచి తిరుగు దాకా: హల్లుల వేళ్ళతో భాష కట్టే పని

మదనపల్లె సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజు లేఖరికి తాలూకా, తపశీలు, ఖరారు, నకలు, దాఖలు అనే మాటలు లేకుండా పూట గడవదు. వీటిని పరాయి మాటలని ఎవరూ అనుకోరు. గుర్రంకొండ కోట చేతులు మారింది, హైదరాలీ, టిప్పు పోయారు, 1800లో దత్తమండలాలకు మన్రో కలెక్టరుగా వచ్చాడు, 1911లో మదనపల్లె కడప జిల్లా నుంచి చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. కచేరీ మాటలు మాత్రం కదల్లేదు. సి.పి. బ్రౌన్ ఇలాంటి వాటి కోసమే 1854లో విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువు వేశాడు.

ఈ మాటల పుట్టుక అరబ్బీ, వచ్చిన దారి పారసీ. తాలూకా, ఇలాకా ఒకే వేరు నుంచి వచ్చాయి. జప్తు, జాబితా కూడా అంతే. అమలు జరగడానికీ, అది జరగాలంటే ఇచ్చుకునే మామూలుకీ వేరు ఒకటే. ఫైసలా, తపశీలు, ఫసలీ మూడింటిలోనూ ఉన్నవి ఫ-స-ల అనే మూడు హల్లులే, వాటి అసలు అర్థం విడదీయడం. తగాదాను విడదీస్తే ఫైసలా, వివరాలను విడదీసి రాస్తే తపశీలు, పంటకాలాన్ని బట్టి ఏడాదిని విడదీస్తే ఫసలీ. తెలుగువాడికి ఈ చుట్టరికం వినపడదు. అరబ్బీ చదివినవాడికి వినపడకుండా ఉండదు.

ఇది కాగితాలకే పరిమితం కాదు. పుంగనూరులోనో మదనపల్లెలోనో ఏ బడి హాజరుపట్టీ తిరగేసినా హామిద్, హమీద్, మహమూద్, అహ్మద్, మొహమ్మద్ అనే పేర్లలో కొన్నైనా తగులుతాయి. హ-మ-ద అంటే పొగడ్త. పొగిడేవాడు హామిద్, పొగడ్త పొందినవాడు మహమూద్, మిక్కిలిగా పొందినవాడు మొహమ్మద్. హల్లులు మూడూ కదలవు, వాటి చుట్టూ అచ్చులూ ముందు చేరే ముక్కలూ మారతాయి. ఆ మారే చట్రాన్ని అరబ్బీ వ్యాకర్తలు వజ్న్ అన్నారు, మనం మూస అందాం. మహమూద్ మూసలోనే మన్సూరు, మహసూలు, మామూలు, మంజూరు ఉన్నాయి. తహసీలు మూసలో తపశీలు, తాకీదు, తనిఖీ ఉన్నాయి. అంటే మండలాఫీసులో వినపడే నాలుగు మాటలు ఒకే చట్రంలో పోసినవి.

సొంతంగా ఒక భాషను కల్పించాలని కూర్చునేవాళ్ళను ఎక్కువగా ఊరించేది ఈ పద్ధతే. మూడు హల్లులు, పది మూసలు రాసుకుంటే చాలు, నిఘంటువు దానంతటదే నిండుతుందనిపిస్తుంది. ఇంతవరకూ దీన్ని ఎవరెవరు ప్రయత్నించారు, ఎక్కడ నిలబడింది, ఎక్కడ కూలింది, తెలుగు మాట్లాడేవాడు దీనికి దిగితే చేతిలో ఏముంది అన్నది చూడదగ్గ ప్రశ్న. నా మటుకు నాకు ఒక అభిప్రాయం ఉంది: వేళ్ళ పట్టికతో మొదలుపెట్టినవాళ్ళు పట్టిక దగ్గరే ఆగిపోతున్నారు. మొదలుపెట్టాల్సింది ధ్వని మార్పులతో.

అందరికీ తెలిసిన ఉదాహరణ టోల్కీన్. మరుగుజ్జుల కోసం ఆయన కల్పించిన ఖుజ్దుల్ భాషను హీబ్రూ, అరబ్బీ లాంటి సెమిటిక్ భాషల పోకడలో కట్టానని ఆయనే చెప్పుకున్నాడు. ఖ-జ-ద వేరు మీద ఖుజ్ద్ అంటే ఒక మరుగుజ్జు, ఖజాద్ అంటే ఆ జాతి, ఖుజ్దుల్ వాళ్ళ భాష. వినడానికి బాగుంటుంది. అయితే ఆ జాతి తమ భాషను పరాయివాళ్ళకు చెప్పదని కథలో పెట్టి ఆయన తప్పించుకున్నాడు, కాబట్టి మనకు మిగిలింది గుప్పెడు మాటలే. ఆయనదే అదూనాయిక్ అనే మరో భాష ఉంది. అందులో వేరుకు హల్లులతో పాటు ఒక సొంత అచ్చు కూడా ఉంటుంది. నా దృష్టిలో ఇది మొదటిదానికంటే తెలివైన ఏర్పాటు, ఎందుకో తిరుగు అనే తెలుగు క్రియ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను. 2004లో జాన్ కిహాడా ప్రకటించిన ఇత్‌కుయిల్ అనే కల్పిత భాషలో హల్లుల వేళ్ళూ ఉన్నాయి, అచ్చుల మార్పులూ ఉన్నాయి, తర్కానికి లోటు లేదు. దాన్ని కల్పించినాయన కూడా అందులో ధారాళంగా మాట్లాడలేడు.

ఈ పద్ధతిని లోపలినుంచి ఎరిగినవాళ్ళు కల్పిత భాషకు దిగినప్పుడు ఏం చేశారన్నది ఇంకా ఆసక్తికరం. 16వ శతాబ్దంలో కైరోలో గుల్షనీ శాఖకు చెందిన సూఫీ ముహ్యీ కల్పించాడని చెప్పే బాలైబలన్ భాష అరబ్బీ లిపిలోనే ఉంది. మాటలన్నీ కొత్తగా పుట్టించినవి. కానీ మాట మీద మాట పేర్చే పద్ధతి మాత్రం చాలావరకు తుర్కీ తరహా, అంటే ప్రత్యయాలు అతికించుకుంటూ పోవడం. 1887లో ఎస్పెరాంతో ప్రకటించిన జామెన్‌హోఫ్‌కు హీబ్రూ బాగా వచ్చు. ఆయన కూడా ఎక్కడా రూపం మారని ముక్కలను ఇటుకల్లా పేర్చే దారే పట్టాడు. ఇద్దరికీ వేళ్ళూ మూసలూ కొట్టిన పిండి. ఇద్దరూ వాటిని పక్కనపెట్టారు. నేర్చుకునేవాడికి ప్రత్యయం విడిగా కనపడుతుంది, మూస కనపడదు. కారణం ఇదే అయివుంటుందని నా ఊహ.

మన తెరమీది కల్పిత భాష సంగతీ చూడాలి. 2015లో వచ్చిన బాహుబలిలో కాలకేయులకు తమిళ గీత రచయిత మదన్ కార్కి కిలికి భాషను తయారుచేశాడు. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు అని చెబుతారు. అందులో మిన్ అంటే నేను, నిమ్ అంటే నువ్వు. తిరగేస్తే ఎదుటి అర్థం వస్తుంది. ఇది అరబ్బీ మూస కాదు, ఇక్కడ మారేది హల్లుల వరస. అయినా దీనికి ఒక పాత తోడు ఉంది. 8వ శతాబ్దంలో బస్రా వ్యాకర్త ఖలీల్ తన నిఘంటువులో మూడు హల్లులను ఎన్ని వరసల్లో మార్చి రాయవచ్చో అన్నిటినీ ఒకేచోట చేర్చాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత ఇబ్న్ జిన్నీ అనే మరో వ్యాకర్త అలా తారుమారైన వేళ్ళన్నిటికీ ఒక ఉమ్మడి అర్థం ఉంటుందని వాదించాడు. వాదం నిలవలేదు గానీ, కల్పించేవాడికి మంచి సరుకు. ఖలీల్ మాటలను పేర్చింది గొంతులో పుట్టే ధ్వనితో మొదలుపెట్టి పెదవుల దాకా. కంఠ్యాలతో మొదలై ఓష్ఠ్యాలతో ముగిసే మన వర్గాక్షరాలు నేర్చినవాడికి ఈ వరస కొత్తగా అనిపించదు.

ఇక అరబ్బీ మాటలను ఇన్ని వందల ఏళ్ళుగా వాడుతున్న తెలుగు ఏం చేసింది? మాటను మొత్తంగా తీసుకుంది, చివర ఉకారం తగిలించింది, పక్కన చేయు పెట్టుకుంది: తనిఖీ చేయడం, మంజూరు చేయడం. పారసీ ప్రత్యయం -దారును కూడా తీసుకుంది, దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడుకుంది. కౌలుదారుతో మొదలై చందాదారు, వాటాదారు, కొనుగోలుదారు, వినియోగదారు దాకా పోయింది. కొనుగోలు అచ్చ తెలుగు, వినియోగం సంస్కృతం, అయినా దారు రెంటికీ అతికింది. కానీ మంజూరు మూసలో ఏ తెలుగు ధాతువునూ మనవాళ్ళు పోయలేదు. ప్రత్యయానికి పొలిమేర దాటడం తేలిక, మూస అంత తేలిగ్గా దాటదు.

మదనపల్లె ముస్లిం వీధుల్లో వినపడే ఉర్దూ కూడా దీనికి సాక్ష్యం చెబుతుంది. కితాబ్‌కు అరబ్బీ బహువచనం కుతుబ్, ఇది మూస మార్పు. దక్కనీలో మాత్రం కితాబాఁ, లోగాఁ. ఆఁ అనే ఒక్క ప్రత్యయం అన్నిటికీ సరిపోతుంది. మదరసాలో కుతుబ్ చదివిన పిల్లాడు కూడా ఇంటికొచ్చి కితాబాఁ అంటాడు. మూస పొలిమేర దాటిన సందర్భాలూ లేకపోలేదు. పారసీ నాజుక్‌ను అరబ్బీ మూసలో పోసి నజాకత్ చేశారు, అది అరబ్బీలో తలమునకలైన పారసీ పండితుల పని. ఈ కాలపు హీబ్రూ టెలిఫోన్ నుంచి ట-ల-ఫ-న పీకి తిల్‌ఫేన్ అంది, అంటే ఫోన్ చేశాడు. అరబ్బీ ఫిల్మ్‌ను అఫ్లామ్ అని, బ్యాంకును బునూక్ అని బహువచనం చేసుకుంది. కల్పిత భాషకు అసలు పరీక్ష ఇదే అని నేననుకుంటాను. దానిలోకి రైలో టమాటానో వచ్చి పడితే దాని మూస ఆ మాటను నమలగలదా? నమలలేకపోతే అది మూస కాదు, పట్టికలో గడి.

లెక్క సంగతి త్వరగా చెప్పేస్తాను. అరబ్బీ హల్లులు 28. ఏదీ రెండోసారి రాకుండా మూడేసి చొప్పున పేరిస్తే 28×27×26, అంటే 19,656 వేళ్ళు. వాడుకలో ఉన్నవి అందులో కొద్ది వేలే. 1950లో భాషావేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ చూపించిన సంగతి ఒకటుంది: నోటిలో ఒకేచోట పుట్టే రెండు హల్లులు వేరులో మొదటి రెండు స్థానాల్లో పక్కపక్కన రావు, కానీ రెండు, మూడు స్థానాల్లో ఒకే హల్లు వచ్చినా అభ్యంతరం లేదు. దీనికి తెలుగువాడు పట్టిక వెతుక్కోనక్కరలేదు. ఒకే వర్గంలోని రెండక్షరాలను మొదట పెట్టకు అంటే చాలు: ప-బ వద్దు, త-ద వద్దు. 20 హల్లులతో మొదలుపెట్టినా 6,840 వరసలు వస్తాయి, ఈ నియమంతో కొన్ని వందలు పోయినా కొరత రాదు. కొత్తగా కల్పించేవాళ్ళు ఈ నియమం పట్టించుకోకపోతే నోరు తిరగని మాటలు పుడతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తెలుగులో హల్లుల వేరు లేదని పాఠం చెప్పేటప్పుడు అంటాం. తిరుగు, తిరిగి, తిరగడం పక్కపక్కన రాసి చూడండి. అడుగు, అడిగి, అడగడం. చదువు, చదివి, చదవడం. పెరుగు, పెరిగి, పెరగడం. నడుమ అచ్చు ఒక్కటే ఉ, ఇ, అ అని మారుతోంది. చుట్టూ ఉన్న హల్లులు అలాగే ఉన్నాయి. మొదటి అచ్చు కూడా మారడం లేదు, అది ఆ ధాతువుకే సొంతం. టోల్కీన్ అదూనాయిక్‌లో పెట్టుకున్న సొంత అచ్చు కూడా ఇలాంటిదే.

మనకిది మూసలా ఎందుకు తోచదంటే, నడిమి అచ్చు తనంతట తాను అర్థం చెప్పదు. వెనక వచ్చే ప్రత్యయం అచ్చును చూసి రంగు మార్చుకుంటుంది. చివర ఇ వస్తే నడుమ ఇ, చివర అ వస్తే నడుమ అ. అర్థం మోసేది చివరి అచ్చు, నడిమిది దాని ఛాయ. సరే, ఇప్పుడు ఆ చివరి అచ్చూ, దాని వెనక ఉన్నదీ ఊడిపోయాయనుకోండి. తిరుగ్, తిరిగ్, తిరగ్ మిగులుతాయి. ఒక్క తరంలో ఛాయ అసలైంది. అడుగ్, అడిగ్, అడగ్. చదువ్, చదివ్, చదవ్. రెండో గడిలో ఇ ఉంటే పని అయిపోయినట్టు, అ ఉంటే పని పేరు. ఇక్కడికి వచ్చాక పిల్లలు కొత్త మాటలను కూడా ఇదే వరసలో పెడతారు, గూగుల్ కాస్తా గుగుల్, గుగిల్, గుగల్ అవుతుంది. అప్పుడు భాషలో గ-గ-ల అనే వేరు పుట్టింది. ఎవరూ పట్టిక గీయలేదు. గ్రీన్‌బర్గ్ నియమం మాత్రం మొదటి రోజే విరిగింది, అదీ అద్దె మాటల స్వభావమే.

భాషావేత్త గై డాయిచర్ 2005లో రాసిన పుస్తకంలో సెమిటిక్ భాషల వేళ్ళ పద్ధతికి ఇలాంటి కథే చెప్పాడు. కొన్ని క్రియల్లో ధ్వనులు ఒకదాన్నొకటి లాగడం, చివర్లు అరగడం, ఆ కొన్నిటినీ చూసి మిగతావి అనుకరించడం. అంత పకడ్బందీ వ్యవస్థకు రూపకర్త ఎవరూ లేరని ఆయన వాదం. కల్పించేవాడు కూడా ఈ దారినే నడిస్తే భాషకు పాతదనం వస్తుంది.

ఒక చిక్కుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. నిజమైన తెలుగు మాటల్లో జరుగుతున్నది దీనికి ఎదురు. అడ్గినా, తిర్గొచ్చినా అనేవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. అరిగేది నడిమి అచ్చు, మిగిలేది చివరిది. అంటే మూస పుట్టకముందే చచ్చిపోతోంది. ఎందుకంటే తెలుగులో ఊనిక మొదటి భాగం మీద పడుతుంది, నడుమ బలహీనం. కాబట్టి కల్పిత భాషలో మొదట తేల్చుకోవాల్సింది ఊనిక ఎక్కడ అన్నది. రెండో అక్షరం మీద ఊనిక పెడితే చివరిది ఊడుతుంది, మూస పుడుతుంది. మొదటిదాని మీద పెడితే తిర్గి వస్తుంది, ప్రత్యయం బతుకుతుంది. మాటల నిర్మాణాన్ని తేల్చేది ఈ ఒక్క నిర్ణయం. వేళ్ళ పట్టికలు గీసేవాళ్ళలో ఎక్కువమంది దీని జోలికే పోరు.

వేళ్ళన్నీ గట్టివే ఉండవు. అరబ్బీలో వ, య ఉన్న వేళ్ళు మెత్తన, మూసలో పెడితే కరిగి అచ్చులో కలిసిపోతాయి. ఖ-వ-ల అంటే పలకడం. అందులోని వకారం ఒకచోట ఔ అయి కౌలు అయింది, అంటే ఇచ్చిన మాట, ఒప్పందం. ఇంకోచోట ద్విత్వమై ఖవ్వాలీ అయింది. కౌలు రైతుకూ ఖవ్వాలీ గాయకుడికీ చుట్టరికం ఉందంటే ఎవరూ నమ్మరు. తెలుగులో కూడా మెత్తని హల్లు ఉంది. కోయడం, కోసి, కోత. మేయడం, మేసి, మేత. మోయడం, మోసి, మోత. రాయడం, రాసి, రాత. యకారం ఒకచోట స, ఒకచోట త అవుతోంది, పైగా వరసంతా తప్పకుండా అవుతోంది. కల్పిత భాషలో ఇలాంటి మెత్తని వర్గం ఒకటైనా లేకపోతే అది యంత్రం బిగించినట్టుంటుంది. పడు నుంచి పాటు, చెడు నుంచి చేటు లాంటి పొట్టి-పొడుగు జతలు కూడా మనకున్నాయి, అవి మొదటి అచ్చును కదిలించడానికి పనికొస్తాయి.

కుప్పం దగ్గర ఇంకో సరుకు దొరుకుతుంది. మూడు రాష్ట్రాలు కలిసే ఆ ఊరి బస్టాండులో రెండు, ఇరండు, ఎరడు ఒకే బెంచీ మీద వినపడతాయి. రకార డకారాలు నిలిచి, అచ్చులు చోటు మారాయి. దీన్ని చూసి ద్రావిడ భాషల్లోనూ హల్లుల వేళ్ళున్నాయని తొందరపడేవాళ్ళుంటారు. ఇక్కడ అచ్చు మారితే అర్థం మారడం లేదు, భాష మారుతోంది. ఇది చరిత్ర, వ్యాకరణం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు ధాతువుల మీద వేసిన గ్రంథంలో ఇలాంటి స్థానమార్పులను లెక్కకట్టి చూపించాడు. 1997లో కుప్పంలో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఈ పోలికల చదువుకూ చోటు కల్పించింది. ఒక భాష కాదు, ఒక భాషా కుటుంబాన్నే కల్పించాలనుకునేవాడికి ఆ బస్టాండు మంచి పాఠశాల.

అచ్చు మారితే అర్థం మారే చోటు మాత్రం తెలుగులో ఒకటి నిఖార్సుగా ఉంది. అక్కడ, ఇక్కడ, ఎక్కడ. అప్పుడు, ఇప్పుడు, ఎప్పుడు. అంత, ఇంత, ఎంత. అలా, ఇలా, ఎలా. వెనకాల హల్లుల గూడు అదే, మొదటి అచ్చు దూరం, దగ్గర, ప్రశ్న. చంటిపిల్లలు కూడా తడబడకుండా నేర్చుకునే మూస ఇది. కల్పించేవాడు మూసలకు అర్థాలు పంచేటప్పుడు దీన్ని ముందు పెట్టుకుంటే మేలు. మూసలు పది, పదిహేను దాటకపోతేనే మంచిది, ప్రతిదీ పిలిస్తే పలకాలి.

అన్నిటికంటే తరచుగా మరిచిపోయేది చిన్నతనాన్ని చెప్పే మూస. అరబ్బీలో అది చాలా చలాకీ అయినది. హసన్‌ను ఆ మూసలో పెడితే హుసేన్. పీర్ల పండుగలో కులమతాలతో పనిలేకుండా ఊరంతా పలికే జంట పేర్లలో రెండోది మొదటిదానికి ముద్దురూపం. పుంగనూరు ఆవు ఉన్నచోట ఇలాంటి మూస అవసరం ఎవరికీ చెప్పనక్కరలేదు. మూడడుగులు దాటీ దాటని ఆ ఆవును మనం పొట్టి ఆవు అని రెండు మాటల్లో చెబుతాం. ఆవుకు వేరూ, చిన్నతనానికి మూసా ఉన్న భాషలో ఒక్క మాట చాలు. పైగా ఆ మాట కొన్నాళ్ళకు కేవలం ఆ జాతి పేరై, చిన్న అన్న అర్థం మాసిపోవాలి.

అలా మాసిపోనివ్వాలన్నది కల్పించేవాళ్ళకు మింగుడుపడని సంగతి. మంజూరు అంటే చూడబడినది, నజరుకు చెందినది. చూసి సరేనన్న తర్వాత ఇచ్చేది మంజూరైంది, ఇప్పుడు చూపుతో దానికి పనిలేదు. వక్ఫ్ అంటే నిలిపివేయడం, అదే వేరులోని వాకిఫ్, నిలబడి తెలుసుకున్నవాడు, మన దగ్గర వాకబు అయింది. మామూలు సంగతి ముందే చెప్పుకున్నాం. ప్రతి మాటనూ దాని వేరు నుంచి లాగి అర్థం చెప్పగలిగే భాషలో కాలం గడిచినట్టుండదు. మూసలు నిర్ణయించాక నాలుగింట ఒక మాటనైనా కావాలని దారి తప్పించాలి.

చివరికి నిఘంటువు. ఖలీల్ కాలం నుంచి హాన్స్ వేర్ 1952లో జర్మన్‌లో వేసిన అరబ్బీ నిఘంటువు దాకా మాటలను వేరు కింద చేర్చడం ఆనవాయితీ. పండితుడికి అది హాయి. బ్రౌన్ మాత్రం కచేరీ మాటలను అక్షర వరసలో పెట్టాడు, దాన్ని తిరగేసేది కచేరీ పనుల్లో ఉన్నవాళ్ళు కాబట్టి. కల్పిత భాషకు కూడా ఇదే సరి అని నా మాట. వేళ్ళ పట్టిక వెనక అనుబంధంగా ఉంటే చాలు. మంజూరు కావాల్సినవాడు మ దగ్గర వెతుకుతాడు, న దగ్గర కాదు.